చిలుము కింద ఊరి వీరుడు

ప్రాచీన గ్రీకు నాణేలనగానే సేకర్తల చూపు ముందు వెండి మీదికే పోతుంది. ఏథెన్స్ గుడ్లగూబకూ సిరక్యూస్ రథానికీ పనితనంలో వంక పెట్టలేం. కానీ గ్రీకు ఊళ్లు పురాణ వీరులను ఎలా తమవాళ్లను చేసుకున్నాయో తెలియాలంటే చేతిలోకి తీసుకోవలసింది చిలుము పట్టిన కంచు నాణేన్నే. కారణం లోహంలోనే ఉంది. వెండి నాణెం విలువ దాని తూకంలో ఉంటుంది. సముద్రం దాటినా చెల్లుతుంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిసిలీ, దక్షిణ ఇటలీ గ్రీకు నగరాల్లో వాడుకలోకి వచ్చి, తర్వాత గ్రీకు ప్రపంచమంతా పాకిన కంచు నాణేనికి ఆ బలం లేదు. లోహం ధరకు మించిన విలువకు అది చెల్లిందంటే ముద్ర వేసిన నగరం మాట మీద నమ్మకం వల్లే. అందుకే చాలావరకు ఆ చుట్టుపక్కల సంతల్లోనే తిరిగింది. దానిమీది బొమ్మను రోజూ చూసింది దూరదేశపు వర్తకులు కాదు, చిల్లర బేరాలు చేసుకునే ఊరి జనం.

థెస్సలీ ప్రాంతంలోని ఫ్థియోటిస్ థీబ్స్ నాణెం చూడండి. క్రీ.పూ. 300 ప్రాంతపు ఈ చిన్న బిళ్లకు ఒకవైపు మేలిముసుగు వేసుకున్న డిమీటర్ దేవత తల. రెండోవైపు కత్తీ డాలూ పట్టుకుని ఓడ ముక్కు మీంచి ఒడ్డుకు దూకుతున్న ప్రొటెసిలావోస్. ట్రాయ్ యుద్ధానికి వెళ్లిన గ్రీకుల్లో ఆ నేల మీద అందరికంటే ముందు కాలుపెట్టి, అక్కడే ప్రాణం విడిచిన వీరుడతను. ఇలియడ్ రెండో సర్గలోని ఓడల పట్టిక అతని ఊళ్లలో పిరాసోస్‌ను పేర్కొంటూ, అది డిమీటర్ పుణ్యస్థలమని చెబుతుంది. ఆ పిరాసోస్ ఈ థీబ్స్‌కు రేవు. అంటే బొమ్మా బొరుసూ కలిసి హోమర్ చెప్పిన సొంత భూగోళాన్నే ఆ ఊరివాళ్లకు గుర్తుచేస్తున్నాయి. ఇంత కథ పట్టడానికి కంచు అడ్డు రాలేదు. ఇథాకా తన కంచు మీద శంఖాకారపు టోపీ పెట్టుకున్న తన పురాణ రాజు ఒడిస్సియస్‌ను ముద్రించుకుంది. ట్రాయ్ సీమలోని చిన్న ఊరు ఒఫ్రినియోన్ ఓడిన పక్షపు హెక్టర్‌ను ఎంచుకుంది. ఆ ఊరి దగ్గర హెక్టర్‌కు పవిత్ర వనం ఉండేదని ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. గెలుపోటములతో పనిలేకుండా తమ నేలకు చెందినవాణ్నే నిలబెట్టుకోవడం నాకెంతో గొప్పగా అనిపిస్తుంది.

అరిగిపోయిన ముక్కలో చూడటానికేముందని కొందరంటారు. నిజమే, కంచు అచ్చులన్నీ గొప్ప చేతులు చెక్కినవి కావు. అయితే అరుగుదల కూడా సాక్ష్యమే: డాలు గుండ్రం నునుపై, అక్షరాలు సగం మాసిపోయాయంటే ఆ నాణెం చాలాకాలం చేతులు మారిందన్నమాట. మెరుపు కోసం ఆమ్లంతో రుద్దడం మాత్రం దాన్ని చంపడమే. గట్టిగా, నున్నగా పట్టిన చిలుము లోహానికి రక్ష. సన్నని గీతలు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది వేరే సంగతి. క్లోరైడ్ల వల్ల వచ్చే ఆ తెగులు తేమ తగిలినకొద్దీ లోహాన్ని తినేస్తుంది కనుక నాణేన్ని వేరుచేసి, పొడిగా ఉంచి, నిపుణులకు చూపించాలి.

అసలైన అభ్యంతరం మరొకటి: సేకర్తల డబ్బే దొంగతవ్వకాలకు ఊపిరి పోస్తోందని. దీన్ని కొట్టిపారేయలేను. కంచు నాణెం తన ఊరి చుట్టూ తిరిగిందని మనకు తెలిసిందే అది దొరికిన చోట్లను బట్టి. రాత్రివేళ లోహశోధక యంత్రంతో పెకలించిన నాణెం ఆ సంగతి చెప్పలేదు. దానితోపాటు మట్టి పొరలూ చెదిరిపోతాయి. కాబట్టి ఈ నాణేలను ప్రేమించేవాళ్లే అందరికంటే ముందు పాత వేలం జాబితాలో నమోదైందా, దేశం దాటిన పత్రాలున్నాయా అని అడగాలి. బరువు, వ్యాసం, రెండు వైపుల అచ్చుల దిశ, చేతులు మారిన వివరం రాసిపెట్టి పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. పత్రాల్లేని పది వీరుల బొమ్మల కంటే, ఎక్కడ దొరికిందో తెలిసిన ఒక్క అరిగిన ప్రొటెసిలావోసే నాకు విలువైనవాడు.