పెదవి మాటున ఇంగ్లీషు

తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలో నిలబడితే తరగతిలో చీమ చిటుక్కుమన్నా వినపడాలి. లేదంటే ఆ మాస్టారికి పిల్లలు అదుపులో లేరని లెక్క. చిలకలూరిపేట చుట్టుపక్కల హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన నాకు ఈ లెక్క ఎప్పుడూ మింగుడు పడలేదు. పిల్లల పెదవులు కదలకపోతేనే నాకు దిగులు. మొదటి బెంచీ కుర్రాణ్ణి ప్రశ్న అడుగుతాం. వాడు నీళ్లు నములుతుంటాడు. ఈలోగా మూడో బెంచీలో ఇంకొకడు, వాణ్ణెవరూ అడక్కుండానే, పెదవి దాటని గొంతుతో జవాబు అనుకుంటుంటాడు. ఆ పూట పాఠంలో ఎక్కువ పాలు వాడిదే అని నా నమ్మకం.

నమ్మకం నాదే అయినా రుజువు ఇంకొకరిది. అమెరికాలో జపనీస్ నేర్చుకుంటున్న కాలేజీ విద్యార్థులకు చిన్న మైకులు తగిలించి ఎమీ స్నైడర్ ఓటా అనే పరిశోధకురాలు నెలల తరబడి రికార్డు చేసింది. 2001లో దాన్ని పుస్తకంగా తెచ్చింది. టీచరు చెవికి అందని గుసగుసలన్నీ ఆ టేపుల్లో పడ్డాయి. పక్కవాణ్ణి అడిగిన ప్రశ్నకు తనలో తాను జవాబు చెప్పుకోవడం, టీచరు అన్న ముక్కను మెల్లగా తిరిగి అనడం, ఒక క్రియను పట్టుకుని అటూ ఇటూ మార్చి చూసుకోవడం. పైకి మౌనంగా కనపడిన పిల్ల లోపల పాఠమంతా నడిపిస్తోంది. తన జవాబు ఒకటి సిద్ధంగా ఉంది కాబట్టే, పక్కవాడి జవాబును టీచరు దిద్దినప్పుడు ఆ దిద్దుబాటు తనకూ తగిలింది.

ఈ గొణుగుడును గట్టిగా పట్టించుకున్నవాడు సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోత్‌స్కీ. క్షయతో 1934లో మాస్కోలో పోయాడు, అప్పటికి ముప్పయ్యేడేళ్లు. బొమ్మ గీస్తున్న పిల్లవాడికి కావలసిన రంగు పెన్సిలు అందకుండా చేస్తే, వాడు తనతో తాను మాట్లాడుకోవడం దాదాపు రెట్టింపయిందని ఆయన గమనించాడు. కష్టం వచ్చినప్పుడు పిల్లలు మాటను పనిముట్టుగా తీస్తారు. కొన్నాళ్లకు ఆ మాట చప్పుడు మానేసి లోపలికి దిగుతుంది. ఇంతవరకు బీఈడీలో అందరూ బట్టీ పట్టిందే. ఆయన చేసిన ఇంకో ప్రయోగం మీద మాత్రం మా బీఈడీ పరీక్షలో ఎప్పుడూ ప్రశ్న రాలేదు. ఒక్కో పిల్లవాణ్ణి వాడి భాష తెలియని పిల్లల మధ్య కూర్చోబెట్టాడు. వాళ్ల స్వగతం పడిపోయింది, చాలామందిలో పూర్తిగా ఆగిపోయింది. తనతో తాను మాట్లాడుకోవడానికి కూడా, విని అర్థం చేసుకునేవాళ్లు చుట్టూ ఉన్నారన్న ధీమా కావాలన్నమాట.

ఇది చదివిన దగ్గర్నుంచీ నాకు బొల్లాపల్లి, దుర్గి వైపు తండాలే గుర్తొస్తాయి. సుగాలీ పిల్లకు ఇంట్లో గోర్ బోలీ, బడిలో తెలుగు, చేతిలో ఇంగ్లీషు పుస్తకం. ఆ పిల్ల బడిలో నోరు విప్పడం లేదని మనం ఫిర్యాదు చేస్తాం. బయటి నోటి సంగతి తర్వాత, లోపలి నోరు కూడా మూతపడి ఉంటే చదువు ఏ దారిన వెళ్తుంది? 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లలకు ఇంటిభాషతో చదువు మొదలుపెట్టే కార్యక్రమం వచ్చింది, అందులో బంజారా, అంటే ఈ గోర్ బోలీ, కూడా ఉంది. ఆ ఆలోచన మంచిదే. ఇక పట్నాల్లో కొన్ని ప్రైవేటు బడులు తెలుగు మాట్లాడితే జరిమానా వేసేవి. జరిమానాకు భయపడి ఇంగ్లీషు మాట్లాడిన పిల్లల్ని నేను చూడలేదు. మాట్లాడ్డమే మానేసినవాళ్లను మాత్రం చూశాను.

2019 చివర్లో సర్కారు బడులన్నిటా ఇంగ్లీషు మీడియం జీవో వచ్చినప్పుడు ఊరూరా రెండు పార్టీలయ్యాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ గొడవలో నేను దూరను. కానీ ఆ తర్వాత పిల్లల చేతికొచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండటం నాకు నచ్చింది. ఇద్దరు పిల్లల మధ్య ఆ పుస్తకం తెరిచి పెడితే చాలు, తగాదా దానంతటదే మొదలవుతుంది. నాకు కావలసింది ఆ తగాదాయే.

2021 చలికాలం మిరప రైతులకు బాగా గుర్తు. నల్ల తామర పురుగు పూతలో చేరి చేలకు చేలు ఊడ్చిపెట్టింది. మందులు కొట్టీ కొట్టీ విసిగిపోయి తోటలు పీకేసినవాళ్లున్నారు. పిల్లల ఇళ్లలో మరో మాట లేదు. కాబట్టి తొమ్మిదో తరగతికి ఆ పురుగు మీదే ఒక చిన్న ఇంగ్లీషు పేరా రాసుకెళ్లాను. మామూలు వేగంతో రెండుసార్లు చదవడం, పిల్లలు చెవిన పడిన మాటల్ని గిలుక్కోవడం, తర్వాత ఇద్దరిద్దరుగా కూర్చుని ఆ పేరాను మళ్లీ కట్టడం. ఇదీ పద్ధతి. కిటికీ పక్కన ఇద్దరు ఆడపిల్లలకు ఆ పురుగు ఇంగ్లీషు పేరు ‘త్రిప్స్’ దగ్గర బండి ఆగింది.

“పురుగేగా, హాజ్ కమ్ అనాలే.”

“ఒక్క పురుగు చేనంతా తింటదా ఏంటే? బోలెడు ఉంటయ్. హావ్.”

“అయితే త్రిప్ అంటే ఒకటా? త్రిప్స్ అంటే చానానా?”

ఆ ప్రశ్నకు ఇద్దరూ ఆగిపోయారు. ఎవరికి వాళ్లు కాగితం మీదికి వంగి పెదవులు కదిపారు. త్రిప్ హాజ్, త్రిప్స్ హావ్. మళ్లీ త్రిప్ హాజ్. చివరికి ‘హావ్’ రాశారు. ఇంగ్లీషులో ఆ పురుగు ఒకటున్నా త్రిప్సే, లక్షలున్నా త్రిప్సే. కాబట్టి రాసింది ఒప్పు, చెప్పిన కారణం సగమే ఒప్పు. ఆ పూట నేను నోరు మెదపలేదు. మర్నాడు నిఘంటువు తీసి వాళ్ల ముందు పెట్టాను. వాదన నడిచింది తెలుగులో, గొణుక్కున్నది ఇంగ్లీషులో అన్నది గమనించాలి. ఆ తెలుగును ఆపి ఉంటే వాదనా ఉండేది కాదు, గొణుగుడూ ఉండేది కాదు.

గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపడం కాదా అని తోటి మాస్టార్లు వేళాకోళం చేసేవాళ్లు. వాళ్లకు జవాబు ఒక పరిశోధన దగ్గర ఉంది. రిచర్డ్ డొనాటో అనే పరిశోధకుడు 1994లో అచ్చువేసిన వ్యాసంలో ఫ్రెంచి నేర్చుకుంటున్న ముగ్గురు విద్యార్థులున్నారు. కావలసిన క్రియారూపం ముగ్గురిలో ఒక్కరికీ పూర్తిగా రాదు. ఒకరు ఒక ముక్క అంటారు, రెండోవారు దాన్ని కాస్త సరిచేస్తారు, మూడోవారికి మిగతాది తడుతుంది. గురువు లేకుండానే సరైన రూపం వచ్చి కూర్చుంది.

అయినా ఆ వేళాకోళాన్ని కొట్టిపారేయను. ఎందుకంటే ఆ పక్షాన మన దక్షిణాదివాడే, చిన్నవాడేమీ కాదు, ఎన్.ఎస్. ప్రభు ఉన్నాడు. 1979 నుంచి అయిదేళ్లపాటు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో వ్యాకరణ పాఠాలు పక్కన పెట్టి, పనులు చేయిస్తూ ఇంగ్లీషు నేర్పి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. అంత కొత్తదారి తొక్కిన మనిషి కూడా పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టడానికి ఇష్టపడలేదు. ఒకరి తప్పు ఒకరి నోట నాని, అదే భాషగా గడ్డకట్టిపోతుందని ఆయన భయం.

ఆ భయం నిజమవడం చూడాలంటే గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాలి. అక్కడి కమీషన్ కొట్ల గుమస్తాలకు హిందీ వచ్చు. నాగపూర్, ఇండోర్, ఢిల్లీ బేరగాళ్లతో తేజా రకానికీ బాడిగకీ తేడా, తాలు ఎంత, తేమ ఎంత, లారీ ఎప్పుడు బయల్దేరింది అన్నీ హిందీలోనే. చాలామంది బడిలో నేర్చుకున్నది అంతంతమాత్రం. కొత్తగా చేరిన కుర్రాడు మిర్చి టిక్కీ బస్తాల మధ్య నిలబడి పాత గుమస్తా ఫోన్ మాటలు వింటాడు, లోలోపల అనుకుంటాడు, మర్నాడు తానే ఫోనెత్తుతాడు. నాకు తెలిసినంతలో ఇంతకంటే చురుగ్గా నడిచే భాషల బడి ఈ జిల్లాలో లేదు. అయితే అందరూ ‘మేరా గాడీ నికల్ గయా’ అనే అంటారు. హిందీలో బండి ఆడది, ‘మేరీ గాడీ నికల్ గయీ’ అనాలి. మన భాషలో బండికి అలాంటి గొడవ లేదు కాబట్టి మొదటివాడి తప్పు పదోవాడి దాకా చెక్కు చెదరకుండా నడిచింది. అవతలి సేఠ్‌కు లారీ చేరితే చాలు, వ్యాకరణం అక్కర్లేదు.

ఇటువైపు మా పెద్దల తరంలో మద్రాసు హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి విశారద దాకా వెళ్లినవాళ్లు ఈ పల్లెల్లో ఉండేవాళ్లు. వాళ్లకు ఏది ఆడలింగమో, ఏది మగలింగమో కంఠతా వచ్చు. స్టేషన్లో టికెట్ అడగాలంటే మాత్రం వాళ్లలో కొందరికి చెమటలు పట్టేవి. పుస్తకం ఉన్న చోట జోడీ లేదు, జోడీ ఉన్న చోట పుస్తకం లేదు. ప్రభు మాటకు నా జవాబు ఇంతే. జోడీని విడదీయకండి, ఇద్దరి మధ్యా ఒక కాగితం పెట్టండి. ఆ ఆడపిల్లలకు నిఘంటువు పెట్టినట్టు.

యార్డులో పనిచేసే నా పాత విద్యార్థికి అలాగే ఒక కాగితం రాసిచ్చాను, బండి, పర్చీ, మిర్చీ లాంటి రోజువారీ మాటలతో. మొన్న కనిపిస్తే ఎంతవరకు వచ్చిందని అడిగాను. “వచ్చింది మాస్టారూ. సేఠ్‌తో ఒక్కణ్ణే ఫోన్లో ఉంటే గాడీ నికల్ గయీ అనే అంటున్నా. కొట్లో పదిమంది ముందు అన్నాననుకోండి, వీడప్పుడే సేఠ్ అయిపోయాడ్రా అని ఆట పట్టిస్తన్నారు. అందుకని అక్కడ గయానే,” అన్నాడు.