ఇంటికొచ్చిన శాక్సఫోన్

జాజ్ ఆల్బమ్ అట్ట మీద ఒక ట్రయో పేరు, దాని కింద విడిగా ఒక శాక్సఫోన్ వాద్యకారుడి పేరు కనిపిస్తే నాకు ముందు కలిగేది అనుమానమే. ఈయన ఎందుకొచ్చాడు? సంగీతానికి అవసరమై వచ్చాడా, అట్ట మీద ఒక పెద్ద పేరు ఉంటే నాలుగు కాపీలు ఎక్కువ పోతాయని వచ్చాడా? పియానో, బేస్, డ్రమ్స్ వాళ్ళు ముగ్గురూ పాతికేళ్ళుగా కలిసి వాయిస్తూ, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో మిగతా ఇద్దరికీ తెలిసిపోయిన దశలో ఉంటే, నాలుగోవాడికి అక్కడ చోటెక్కడిది? కుర్చీలు కాస్త జరుపుకుంటే సరిపోతుందా?

ఈ ప్రశ్న పట్టుకుని ఈ మధ్య కొన్ని వారాలు ఒక్క బృందాన్నే విన్నాను. పోలండ్‌కి చెందిన మార్చిన్ వాషిలెవ్‌స్కీ ట్రయో. ఆ ముగ్గురి దగ్గరకి శాక్సఫోన్ వచ్చిన ఆల్బమ్‌లు మూడు నా చేతిలో ఉన్నాయి: స్వీడన్ వాద్యకారుడు యోఆకిమ్ మిల్డర్‌తో చేసిన 'స్పార్క్ ఆఫ్ లైఫ్' (2014), అమెరికన్ జో లొవానోతో చేసిన 'ఆర్క్‌టిక్ రిఫ్' (2020), మళ్ళీ అదే లొవానోతో 'హోమేజ్' (2025). మూడూ జర్మన్ లేబుల్ ఈసీఎం ప్రచురణలే. ఈసీఎం అనగానే మా ఫ్రెండ్ ఒకడు నవ్వుతాడు. "కోడింగ్ చేసుకుంటూ వినడానికి బాగుంటుందిరా, మంచు, సరస్సు, పొగమంచు, మళ్ళీ మంచు" అంటాడు. వాడి మాటని కొట్టిపారేయలేను. ఆ లేబుల్ మీద వచ్చిన వాటిలో కొన్ని నిజంగానే అంతే. కానీ ఈ మూడిట్లో కనీసం ఒకటి వాడి మాటకి లొంగదని నా నమ్మకం. లొంగకపోవడానికి కారణం ఆ వచ్చినవాడే.

ముందు కాస్త పాత సంగతి. యూరప్ జాజ్‌లో అతిథి శాక్సఫోన్ కొత్తేం కాదు. 1960లో స్టాన్ గెట్జ్ వార్సా జాజ్ జాంబోరీకి వచ్చి, అక్కడి పియానిస్టు ఆంజెయ్ త్షస్కోవ్‌స్కీ ట్రయోతో వాయించాడు, రికార్డు కూడా చేశాడు. కోపెన్‌హాగన్ మాన్‌మార్త్ క్లబ్బులో డెక్స్‌టర్ గోర్డన్ లాంటివాళ్ళు వాయిస్తుంటే, వెనక బేస్ పట్టుకున్న నీల్స్ హెన్నింగ్ ఓర్స్‌టెడ్ పెడర్సన్‌కి అప్పటికి ఇంకా ఇరవై నిండలేదు. పద్ధతి అందరికీ తెలిసిందే. అమెరికా నుంచి పెద్దాయన వస్తాడు, స్థానిక కుర్రాళ్ళు ఆయనకి తెలిసిన పాటలు తమకీ తెలుసని నిరూపించుకుంటారు, కాలం తప్పకుండా వాయిస్తారు, ఆయన వెళ్ళిపోతాడు. మన కచేరీల్లో బయటి ఊరి నుంచి వచ్చిన గాయకుడికి ఆ ఊరి వయొలిన్, మృదంగం సహకరించినట్టు. అందులో అద్భుతాలూ జరిగాయి. కానీ ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నకి మాత్రం చోటు లేదు. వేదిక ఎక్కడున్నా ఇల్లు అమెరికన్‌దే.

వాషిలెవ్‌స్కీ ముఠా కథ వేరేగా నడిచింది. 90ల మొదట్లో, ఇంకా స్కూలు వయసులో ఉండగానే, కొషాలిన్ ఊళ్ళో వాషిలెవ్‌స్కీ, బేసిస్టు స్వావోమిర్ కుర్కియేవిచ్ కలిసి 'సింపుల్ అకూస్టిక్ ట్రయో' మొదలుపెట్టారు. తర్వాత డ్రమ్మర్ మిహావ్ మిష్కియేవిచ్ చేరాడు. పోలిష్ జాజ్‌కి పెద్దదిక్కైన ట్రంపెట్ వాద్యకారుడు తోమాష్ స్తాంకో ఈ కుర్రాళ్ళని తనతో పెట్టుకున్నాడు. 'సోల్ ఆఫ్ థింగ్స్' (2002), 'సస్పెండెడ్ నైట్' (2004), 'లొంటానో' (2006), ఈ మూడిట్లో స్తాంకో వెనక ఉన్నది వీళ్ళే. అంటే పెద్దాయన పక్కన మసలుకోవడం వీళ్ళకి చిన్నప్పుడే అబ్బిన విద్య. స్తాంకో ట్రంపెట్‌లో ఎప్పుడూ ఒక గరుకు ఉంటుంది, రాత్రంతా నిద్రలేని గొంతులాగా. ఆ గరుకు పక్కన వీళ్ళ నునుపు అందంగా వినిపించేది.

2005లో సొంతంగా 'ట్రయో' వచ్చింది. అక్కడి నుంచే నాకు చిన్న ఇబ్బంది మొదలైంది. ముగ్గురూ గొప్పగా వాయిస్తారు, అందులో సందేహం లేదు. బ్యోర్క్ 'హైపర్‌బలాడ్'ని వాళ్ళు చేసిన తీరు, తర్వాత 'జాన్యువరి' (2008)లో ప్రిన్స్ 'డైమండ్స్ అండ్ పర్ల్స్' చేసిన తీరు ఎన్నిసార్లైనా వినచ్చు. కానీ అడ్డుపడేవాడు లేని అందం కొన్నాళ్ళకి తనను చూసి తానే మురిసిపోతుంది. వాషిలెవ్‌స్కీ కుడిచెయ్యి ఒక మంచి వాక్యం మొదలుపెడితే అది ఎక్కడ దిగుతుందో మూడో ఆల్బమ్‌కి నాకే తెలిసిపోయేది. మా ఫ్రెండ్ చెప్పే పొగమంచు ఇదే.

ఈ పరిస్థితిలో మిల్డర్ వచ్చాడు. ఎంపిక బాగానే ఉంది. క్షిష్తోఫ్ కొమెదా సంగీతంతో స్తాంకో చేసిన 'లిటానియా' (1997)లో మిల్డర్ ఉన్నాడు, ఇంటి సంప్రదాయం తెలిసినవాడు. 'స్పార్క్ ఆఫ్ లైఫ్'లో అన్ని పాటల్లోనూ అతను లేడు. ఉన్న చోట మెత్తగా, ఊపిరి ఎక్కువ, స్వరం తక్కువగా వాయిస్తాడు. కొమెదా 'రోజ్‌మేరీస్ బేబీ' సినిమాకి రాసిన జోలపాట ఇందులో ఉంది. భయపెట్టే జోలపాట అది. కథ తెలిసి వింటే ఒళ్ళు జలదరించాలి. ఇక్కడ మాత్రం నిజంగానే నిద్రొస్తుంది. మిల్డర్ మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఇచ్చిన కాఫీ తాగి, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నాడు. అతను రాకముందు ఆ ఇల్లు ఎలా ఉందో, వెళ్ళాక కూడా అలాగే ఉంది. ఆల్బమ్ చెడ్డదని అనను. అతిథి వల్ల అందులో ఏం మారిందంటే మాత్రం చెప్పడం కష్టం.

ఇక్కడ పక్కకి వెళ్ళి ఒక మాట. అతిథి వచ్చాక ఏం మారిందో వినేవాళ్ళకి తెలియాలంటే, అతిథి లేనప్పుడు ఎలా ఉంటుందో కూడా వినిపించాలి. ఈ పని ధైర్యంగా చేసిన ఆల్బమ్ ఒకటుంది. నార్వే వాద్యకారుడు యాన్ గార్బారెక్, ఇంగ్లండ్ గాయక బృందం హిలియర్డ్ ఆన్సాంబుల్ కలిసి చేసిన 'ఒఫీసియుమ్' (1994). ఆస్ట్రియాలో ఒక మఠంలో రికార్డు చేశారు. పదహారో శతాబ్దపు స్పానిష్ స్వరకర్త మొరాలెస్ రాసిన ప్రార్థన ఒకటి అందులో మూడుసార్లు వస్తుంది. మొదటా చివరా శాక్సఫోన్ ఉంటుంది, మధ్యలోదాంట్లో నాలుగు గొంతులు మాత్రమే. పది లక్షలకి పైగా కాపీలు అమ్ముడైన ఆల్బమ్ అది, అందులో ఆ మధ్య పాటని ఎంతమంది శ్రద్ధగా విన్నారో గానీ, నాకు మొత్తం ఆల్బమ్ అక్కడే తెరుచుకుంది. గార్బారెక్ లేకుండా కూడా ఆ గొంతులు సంపూర్ణంగా ఉన్నాయి. అలాంటప్పుడు ఆయన వాయించేది అవసరం కాదు, అదనం. అదనమని తెలిసి కూడా మళ్ళీ మొదటిదానికే వెళ్ళాలనిపిస్తుంది చూడండి, ఆ అనిపించడమే ఆయన గెలుపు.

ఇక లొవానో. 1952లో క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు. నాన్న టోనీ కూడా టెనర్ శాక్సఫోన్ వాద్యకారుడు, పగలు మంగలి పని చేసేవాడు. డ్రమ్మర్ పాల్ మోషన్, గిటారిస్టు బిల్ ఫ్రిసెల్‌తో కలిసి ఏళ్ళ తరబడి బేస్ లేని ట్రయోలో వాయించినవాడు లొవానో. అంటే కింద నేల లేకుండా నడవడం అలవాటున్న మనిషి. అన్నట్టు మన డ్రమ్మర్ మిష్కియేవిచ్ నాన్న హెన్రిక్ కూడా పేరున్న శాక్సఫోన్ వాద్యకారుడే. ఇంట్లో పొద్దున్నే ఆ వాద్యం సాధన వింటూ పెరిగినవాడు కాబట్టేనేమో, ఈ ఆల్బమ్‌లో లొవానోతో అందరికంటే ముందు మాట కలిపేది డ్రమ్సే అనిపిస్తుంది నాకు.

'ఆర్క్‌టిక్ రిఫ్'ని 2019 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్స్‌లోని లా బ్యుయిసోన్ స్టూడియోలో రికార్డు చేశారు. స్తాంకో పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ సంగతి ఆల్బమ్ ఎక్కడా నోరు తెరిచి చెప్పదు. కానీ ఏళ్ళ తరబడి ఒక గరుకు గొంతు పక్కన వాయించినవాళ్ళు మళ్ళీ ఒక గరుకు గొంతుని వెతుక్కున్నారని నాకు అనిపిస్తే అందులో వింతేముంది?

ఆల్బమ్‌లో ముఖ్యంగా మూడు రకాల పాటలున్నాయి, మూడిట్లోనూ అతిథి హోదా ఒకటి కాదు. వాషిలెవ్‌స్కీ రాసినవి నాలుగు. 'గ్లిమర్ ఆఫ్ హోప్', 'ఫేడింగ్ సారో' లాంటి పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఇవి పాత ఇంటి పాటలే. చుట్టం వస్తున్నాడని తెలిసి ఉతికిన దుప్పటి పరిచినట్టు, లొవానో కొలతలకి కుట్టిన పాటలు. ఆయన ఎంచక్కా వాయిస్తాడు. 'ఫేడింగ్ సారో'లో ఆ టెనర్ స్వరం చివర్లో కాస్త చిరిగి, గాలి బయటికి పోతున్నట్టు వినిపించే చోట్లు నాకు చాలా ఇష్టం. అయినా ఇవి సురక్షితమైన పాటలు.

రెండో రకం, నలుగురూ అక్కడికక్కడ అల్లుకున్నవి. 'కడెంజా', 'ఆర్కో', 'స్ట్రే క్యాట్ వాక్', 'ఎ గ్లింప్స్'. చిన్నవి, కొన్ని చోట్ల తడబడేవి. నా ఓటు వీటికే. ఇక్కడ వాషిలెవ్‌స్కీకి రాసిపెట్టుకున్న మంచి వాక్యం లేదు. లొవానో సగం మాట అని ఊరుకుంటాడు, దాన్ని పూర్తి చెయ్యాలా వద్దా అని పియానో ఆలోచిస్తుంది, ఆ ఆలోచన మనకి వినబడుతుంది. 'స్ట్రే క్యాట్ వాక్'లో పేరుకి తగ్గట్టే, గోడ మీద పిల్లి నడిచినట్టు నలుగురూ ఒక్కో అడుగు తూచి వేస్తారు. ఇందులో సరస్సూ లేదు, పొగమంచూ లేదు. అర్ధరాత్రి వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడుంది. కోడింగ్ చేసుకుంటూ ఇది వినమనండి మా ఫ్రెండ్‌ని!

మూడోది కార్లా బ్లే రాసిన 'వాష్కర్'. 60ల మొదట్లో పాల్ బ్లే 'ఫుట్‌లూజ్'లో వాయించిన దగ్గర్నుంచి చాలామంది చేతుల్లో నలిగిన చిన్న పాట. ఆ పాట పియానోదీ కాదు, టెనర్‌దీ కాదు, పోలండ్‌దీ కాదు. దాన్ని రెండుసార్లు వాయించారు, రెండూ ఉంచారు. రెండూ ఒకేలా లేవు. మొదటిసారి పాట గట్టు దాటకుండా చూసుకున్నారు, రెండోసారి గట్టు ఎక్కడుందో పట్టించుకోలేదు. ఆల్బమ్‌లో చోటు మిగిలి రెండోది పెట్టలేదని నా అభిప్రాయం. ఇద్దరికీ చెందని స్థలంలోకి వెళ్తేనే గృహస్థు, అతిథి అన్న తేడా పోతుంది, పాత పద్ధతిలో ఎప్పుడూ జరగనిది ఇదే. గెట్జ్ వార్సాలో వాయించినప్పుడు అందరికీ తెలిసిన స్టాండర్డ్‌లు పేరుకి ఉమ్మడివి, నిజానికి ఆయన ఊరివి.

'హోమేజ్' దగ్గరకొచ్చేసరికి వరస తిరగబడింది. అట్ట మీద లొవానో పేరు ముందు, ట్రయో పేరు తర్వాత. మొదటి పాట మాత్రం పోలిష్ వయొలినిస్టు జ్బిగ్నియెవ్ సైఫెర్ట్‌ది, 'లవ్ ఇన్ ద గార్డెన్'. ముప్పై మూడేళ్ళు నిండకుండా 1979లో పోయిన సైఫెర్ట్, కోల్ట్రేన్ మీద పిచ్చితో మొదట ఆల్టో శాక్సఫోన్ పట్టి, స్తాంకో బృందంలో వాయించి, తర్వాత వయొలిన్‌కి తిరిగొచ్చినవాడు. ఆ పాటని ఇప్పుడు ఒక టెనర్ చేతికివ్వడం తెలివైన మర్యాద. మిగతావి చాలావరకు లొవానో రాసుకున్నవి. 'గోల్డెన్ హార్న్' లాంటి వాటిలో సాగదీసిన మోడల్ వాయింపు, మధ్యలో గంటలు, గాంగులు, హంగరీ వాద్యం తారోగాటో. (పాతకాలపు తారోగాటో మన సన్నాయి కుటుంబానిదే, రెండు పీకలది. ఇప్పటిది ఒంటి పీక వాద్యం. ఆ ముక్కు గొంతు మాత్రం పూర్తిగా పోలేదు.) వినడానికి విశాలంగా ఉంటుంది. కానీ ఆ విశాలంలో వాషిలెవ్‌స్కీ ఎక్కడున్నాడా అని వెతుక్కోవాల్సొచ్చింది నాకు. ఒక స్వరం మీదే ఎంతసేపు నిలబడినా అలసిపోని మనిషి లొవానో. వాషిలెవ్‌స్కీ నడిచే మనిషి, శ్రుతులు మారుతుంటేనే అతని ఆలోచన కదులుతుంది. ఇక్కడ అతనే తన సొంత ట్రయోతో వేరే ఇంట్లో అతిథి అయ్యాడు, మిల్డర్ అంత మర్యాదగానూ ఉన్నాడు.

చాలామంది సమీక్షకులకి 'హోమేజ్' మరింత పండిన ఆల్బమ్‌లా అనిపించచ్చు. నలుగురికీ ఒకరి అలవాట్లు ఒకరికి తెలిశాయి, వాయింపులో ఎక్కడా పొరపొచ్చాలు లేవు. నాకు మాత్రం పరిచయం కుదరని రోజుల 'ఆర్క్‌టిక్ రిఫ్' కావాలి. కొత్తగా వినేవాళ్ళు ఎవరైనా అడిగితే మొదటి పాటతో మొదలుపెట్టమని చెప్పను. 'వాష్కర్' ఒకసారి వినండి, మధ్యలో మిగతావి వదిలేసి రెండో 'వాష్కర్'కి వెళ్ళండి, ఆ తర్వాత 'స్ట్రే క్యాట్ వాక్'. హెడ్‌ఫోన్స్ మంచివైతే లొవానో పీక మీద పెదవి సర్దుకునే తడి చప్పుడు కూడా పట్టుకోవచ్చు, వాషిలెవ్‌స్కీ చెయ్యి ఆగిపోయేది సరిగ్గా అలాంటి చోట్లే.