తల దాటిపోయే చెయ్యి

ఒక రాత్రి మా పిన్ని కొడుకు నా వెనక నిలబడి ఆట చూశాడు. నేనాడేది వాలరంట్ అనే తుపాకుల ఆట. ఎదుటివాడి తల కనబడగానే మౌస్‌ని ఒక్క విసురు విసిరి కాల్చడం, దాన్నే ఫ్లిక్ అంటాం. "అన్నా, నువ్వు లేటవట్లేదు. తల దాటిపోయాక నొక్కుతున్నావ్" అన్నాడు. నేను నమ్మలేదు. రికార్డు చేసిన ఆటని నెమ్మదిగా తిప్పి చూశాను. ప్రతిసారీ అదే! తెర మధ్య ఉండే గురి గుర్తు, క్రాస్‌హెయిర్, తల మీదుగా జారి గోడ మీదికి వెళ్లాక వేలు కదిలింది.

అప్పటిదాకా నా తపనంతా వేగం కోసమే. మౌస్ డీపీఐ 1600, ఆటలో సెన్సిటివిటీ 1. మౌస్‌ని ఎనిమిది సెంటీమీటర్లు జరిపితే ఆటలో ఒక పూర్తి చుట్టు తిరిగేస్తాను. అలాంటప్పుడు దూరాన ఉన్న తల మీద ఆగాలంటే చెయ్యి వెంట్రుకవాసి కొలతలో కదలాలి. ఇప్పుడు డీపీఐ 800, సెన్సిటివిటీ 0.4 పెట్టుకున్నాను. అదే చుట్టుకి దాదాపు 41 సెంటీమీటర్లు పడుతుంది. ఒక్క మణికట్టుకి అంత దూరం అందదు. మోచేయి కదలాలి, ప్యాడ్ పెద్దది కావాలి.

గురిచూసి చేసే కదలికలో రెండు భాగాలున్నాయని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త వుడ్‌వర్త్ 1899లోనే రాశాడు. ముందొక పెద్ద ఊపు, వెనకే కంటితో చూసుకుంటూ చేసే చిన్న సర్దుబాటు. నేను ఆ రెండోదానికి చోటే ఇవ్వలేదు.

అందుకే రోజూ ఇరవై నిమిషాలు గురి సాధన చేయించే ఎయిమ్‌ల్యాబ్స్‌లో సగం వేగంతో సాధన చేస్తున్నాను. చూపు ముందే వెళ్లి గురి మీద నిలవాలి, చెయ్యి దాని వెనకాలే రావాలి. క్రాస్‌హెయిర్‌ని చూస్తూ కూర్చుంటే చెయ్యి తడబడుతుంది. చేరాక ఆగి, సర్దుకుని, అప్పుడు నొక్కుతాను. మొదటి పది రోజులు స్కోరు దారుణంగా పడిపోయింది. ఆ పది రోజులూ ఓర్చుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఆటలో కాళ్లు కూడా ఆగాలి. పరిగెడుతూ కాలిస్తే గురి కుదిరినా గుండు చెదిరిపోతుంది. నడిచేటప్పుడే క్రాస్‌హెయిర్ తల ఎత్తులో ఉంటే చాలాసార్లు విసరాల్సిన దూరం నాలుగు వేళ్లకి మించదు. వ్యాండల్ తుపాకీ అయితే ఎంత దూరాన ఉన్నా తలకి ఒక్క గుండు చాలు.

కుడివైపు ఫ్లిక్ ఇప్పుడు కుదురుతోంది. ఎడమకి తిప్పినప్పుడు మాత్రం మోచేయి బల్ల అంచుకి పట్టేస్తోంది. ఈ రాత్రి కుర్చీ రెండంగుళాలు ఎత్తి చూడాలి.