నలభై ఇళ్ల లెక్క

పేదరికం గురించి, వ్యవసాయంలోని నష్టభయం గురించి లోతుగా చదివే అర్థశాస్త్ర విద్యార్థి ఏ దేశంలో ఉన్నా, ఎప్పుడో ఒకప్పుడు ఒక పాలమూరు పల్లె పేరు వినక తప్పదు. పరిశోధన పత్రాల్లో ఆ పేరు ఔరేపల్లి. మనకు అవురుపల్లి. హైదరాబాద్‌కు దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, నల్గొండ జిల్లాకు చేరువలో ఉంది. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రంగారెడ్డి జిల్లా మాడ్గుల మండలంలోకి వచ్చింది. ఎర్ర చెలకలు, ఆముదం, జొన్న, సజ్జ, బావుల కింద కాస్త వరి, కల్లుగీత: 1970ల నాటి ఊరి బతుకు ఇదీ. ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల వాన పడుతుందంటారు గానీ, ఆ సగటును నమ్ముకుని విత్తనం వేసే రైతు ఉండడు.

ఈ ఊరిని ప్రపంచానికి పరిచయం చేసింది పటాన్‌చెరులోని ఇక్రిశాట్. మెట్ట పంటల పరిశోధన కోసం 1972లో ఏర్పడిన ఈ అంతర్జాతీయ సంస్థ, 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్ జిల్లాలో అవురుపల్లి, డోకూరు, మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల్లో రెండేసి ఊళ్లు కలిపి మొత్తం ఆరు. కొత్త వంగడాలు, కొత్త పద్ధతులు రైతు చేతిలో ఎందుకు నిలుస్తాయో, ఎందుకు నిలవవో తెలుసుకోవడం అప్పటి లక్ష్యం. జేమ్స్ ర్యాన్, హాన్స్ బిన్స్‌వాంగర్, ఎన్.ఎస్. జోధా వంటివారు దానికి రూపమిచ్చారు. ఆ లక్ష్యాన్ని దాటి ఆ పని ఎంత దూరం వెళ్లిందో చూస్తే, సమాచారం సేకరించడం కూడా ఒక గొప్ప పనితనమేనని ఒప్పుకోవాలి.

ముందు ఇళ్ల ఎంపిక చూడండి. ఒక్కో ఊళ్లో 40 కుటుంబాలు. పది భూమిలేని కూలీల ఇళ్లు. మిగతా ముప్పై సాగుదారులవి: చిన్న, మధ్య, పెద్ద కమతాల నుంచి పదేసి. ఎంత భూమి ఉంటే చిన్న రైతు అన్నదానికి దేశమంతటికీ ఒకే కొలత పెట్టలేదు. ఆ ఊరి కమతాలను వరుసగా పేర్చి మూడు భాగాలు చేశారు. ఎర్ర చెలకలో ఐదెకరాలూ షోలాపూర్ నల్లరేగడిలో ఐదెకరాలూ ఒకటి కావని తెలిసినవాళ్లు చేసిన పని అది.

తర్వాత లెక్క రాసే మనుషులు. పట్నం నుంచి జీపులో వచ్చి, అరుగు మీద గంటసేపు కూర్చుని, కాగితాలు నింపుకుని వెళ్లే పద్ధతిని పక్కన పెట్టారు. పల్లె కుటుంబాల్లో పుట్టి, డిగ్రీ చదివిన యువకులను పరిశోధకులుగా నియమించి ఊళ్లోనే కాపురం పెట్టించారు. వాళ్లు మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లేవారు. ఏ మడిలో ఏం వేశారు, ఎన్ని రోజులు అరక కట్టారు, కలుపుకు ఎంతమంది ఆడకూలీలు వచ్చారు, కూలి డబ్బుగా ఇచ్చారా గింజలుగా ఇచ్చారా, ఎవరి దగ్గర బదులు తెచ్చారు, ఏ ఎద్దును అమ్మారు, పెళ్లికి ఎంతయింది, అన్నీ రాసేవారు. ఏడాది చివర ఒక్కసారి అడిగితే రైతుకు గుర్తుండేది పంట దిగుబడి మాత్రమే. ఎండాకాలంలో పనిలేక కూర్చున్న రోజులూ, పక్కింటి నుంచి చేబదులుగా తెచ్చుకున్న గింజలూ గుర్తుండవు. పేదవాడి బతుకు నడిచేదే ఈ మరిచిపోయే సంగతుల మీద. వాటిని మరపుకు చిక్కకుండా పట్టుకోవడంలోనే ఈ పనితనం సారమంతా ఉంది.

ఇంటి మొత్తానికి ఒక అంకె వేసి ఊరుకోకపోవడం ఇంకో గొప్పదనం. పంట లెక్కను మడి మడికీ, పని లెక్కను ఆడ, మగ, పిల్లలకు వేర్వేరుగా రాశారు. తిండి లెక్క మరీ కష్టం. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన ప్రహ్లాదరావు, వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి పుష్పమ్మ ఇక్రిశాట్ వారితో కలిసి, ఇంట్లో ఒక్కొక్కరు ఏం తిన్నారో విడివిడిగా నమోదు చేయించారు. తండ్రి కంచం, కూతురి కంచం వేర్వేరు అంకెలయ్యాయి.

ఇంత వివరంగా రాసిపెట్టిన పుస్తకం నుంచి ఎన్ని రకాల ప్రశ్నలకు జవాబులు పుట్టాయో చూస్తే అబ్బురమనిపిస్తుంది. పాలుకు చేసే పొలంలో రైతు మనసు పెట్టి చేయడన్నది అర్థశాస్త్రంలో పాత వాదం. దాన్ని పరీక్షించడమెలా? సొంత పొలమున్న రైతునూ పాలుకు చేసే రైతునూ పోలిస్తే, తేడా పొలానిదా మనిషిదా తేలదు. రాద్వాన్ షాబాన్ 1987లో ఈ లెక్కల్లోంచి రెండు రకాల పొలాలూ సాగుచేసే రైతులను ఏరి, ఒకే మనిషి చేతి కింద ఉన్న రెండు మడులను పోల్చాడు. నీటి వసతి, నేల తేడాలు తీసేసినా, పాలు పొలంలో పెట్టుబడీ దిగుబడీ తక్కువేనని తేలింది. పన్నెండేళ్ల ముందు మడి మడికీ విడిగా రాసినవాళ్లు లేకపోతే ఈ పోలిక సాధ్యమయ్యేది కాదు.

మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో పెళ్లి సంబంధాలను పరిశీలించారు. సేద్యం రాబడి నిలకడగా లేని ఇళ్లు ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇస్తున్నాయని కనిపించింది. ఇక్కడ వాన తప్పితే వియ్యంకుడి ఊళ్లోనైనా పడుతుందన్న ఆశ సంబంధం చూసే పెద్దల మనసులో ఉందన్నమాట. అదే రోజెన్‌జ్వైగ్ కెన్నెత్ వోల్పిన్‌తో కలిసి, కరువులో ఎడ్లను అమ్ముకుని తిన్న ఇల్లు మరుసటి ఏడు సేద్యంలో ఎలా వెనకబడుతుందో 1993లో చూపించాడు. జెరె బెర్మన్, అనిల్ దేవ్‌లాలికర్ 1987లో కంచాల లెక్క తీసి, ఆదాయం పెరిగితే తిండి ఖర్చు పెరుగుతుంది గానీ పోషకాలు ఆ మేరకు పెరగవన్నారు. ఇంటి రాబడి తగ్గిన కాలంలో బడికి వెళ్లే పిల్లల హాజరు ఏమవుతుందో హనన్ జాకోబీ, ఇమ్మానుయేల్ స్కూఫియాస్ 1997లో లెక్కగట్టారు. భూమి, పెళ్లి, ఎద్దు, కంచం, బడి: అన్నిటికీ అవే ఇళ్లు.

బిన్స్‌వాంగర్ ప్రయోగం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. రైతు నష్టానికి ఎంత భయపడతాడో కొలవాలి. ముందు ప్రశ్నలడిగి చూస్తే అడిగిన మనిషిని బట్టి జవాబులు మారాయి. దాంతో నిజమైన డబ్బుతో ఆట పెట్టాడు. నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు తీసుకోవచ్చు. లేదా ఒక వైపు పడితే 200, మరో వైపు పడితే సున్నా. ఈ రెంటి నడుమ ఇంకా ఎన్నో మెట్లు. అర్ధ రూపాయి ఆటతో మొదలై వారాల తరబడి పందెం పెరుగుతూ పోయింది. ఆలోచించుకోవడానికి వ్యవధీ ఇచ్చారు. పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ మధ్యస్థమైన జాగ్రత్త దగ్గరే ఆగారు. ఉన్నవాడికీ లేనివాడికీ మనస్తత్వంలో పెద్ద తేడా కనిపించలేదు. పేదవాడు పిరికివాడు కాబట్టి కొత్త పద్ధతులు చేపట్టడన్న మాటకు 1980లో అచ్చయిన ఈ పత్రం గట్టి జవాబు. తేడా ధైర్యంలో లేదు, అప్పు పుట్టడంలో ఉంది, చేతిలో ఉన్నదానిలో ఉంది.

అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చినది రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనామెట్రికాలో ప్రచురించిన పత్రం. ఒక ఇంటి పంట పోయినా, మనిషి మంచాన పడినా, ఆ ఇంటి తిండి ఎంత తగ్గుతుంది? అవురుపల్లితో పాటు మరో రెండు ఊళ్ల లెక్కలు చూసి, ఇంటి వాడకం ఊరి సగటుతో కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటుందనీ, సొంత కష్టం దాన్ని అనుకున్నంతగా కుంగదీయదనీ ఆయన కనుగొన్నాడు. బదుళ్లు, నాగులు అనే గింజల అప్పులు, చుట్టరికాలు కలిసి ఒక బీమాలా పనిచేస్తున్నాయి. అయితే అది సంపూర్ణం కాదు. ఒక ఊళ్లో భూమిలేనివారికి ఆ రక్షణ తక్కువగా ఉన్నట్టు ఆధారాలు కనిపించాయని కూడా ఆయనే రాశాడు.

ఈ మాటను అందరూ ఒప్పుకోలేదు. మార్టిన్ రావల్లియన్, శుభం చౌధురి 1997లో అదే పత్రికలో, ఇంటి వాడకాన్ని లెక్కగట్టిన తీరునే ప్రశ్నించారు. వేరే విధంగా కొలిస్తే సొంత రాబడి దెబ్బ వాడకం మీద ఎక్కువగానే కనిపిస్తుందన్నారు. మౌరిజియో మజ్జోకో, శివ్ సైనీ 2012లో ఇంకో అడుగు వేసి, కష్టం పంచుకోవడం ఊరి స్థాయిలో కంటే కులం లోపల బాగా జరుగుతోందన్నారు. మన పల్లె తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు. నాకు ముఖ్యమనిపించేది మరొకటి: ఒకరినొకరు ఖండించుకున్న ఈ పండితులంతా ఆధారపడింది ఒకే పుస్తకం మీద. ఏ సిద్ధాంతాన్నీ గెలిపించాలని రాయని లెక్క కాబట్టే అందరికీ సాక్ష్యంగా నిలిచింది.

1985 తర్వాత ఆగిన ఈ క్రమం 2001లో మళ్లీ మొదలైంది. 2009 నుంచి తూర్పు భారత రాష్ట్రాలకూ బంగ్లాదేశ్‌కూ విస్తరించింది. పాత ఇళ్ల నుంచి వేరుపడిన కొడుకుల కాపురాలనూ వెతికి చేర్చుకున్నారు. చెరువు కింద వరి పండిన డోకూరు నీళ్లు తగ్గి వలసల ఊరెలా అయిందో, కూలి దొరకక పట్నం పట్టినవాళ్లు ఇంటికి ఏం పంపుతున్నారో దశాబ్దాల వెడల్పులో చూడగలగడం అందుకే. ఒకే ఇంటిని ఇంత కాలం ఇంత దగ్గరగా గమనించిన అధ్యయనాలు పేద దేశాల్లో బహు అరుదు.

పత్రాల మీద పేర్లు దూర విశ్వవిద్యాలయాల పండితులవి. ఆ అంకెల్లో ఒక్కొక్కటీ మాత్రం పొద్దుగూకాక పొలం నుంచి వచ్చిన రైతు ఓపికగా చెబితే, ఊళ్లో కాపురమున్న యువకుడు శ్రద్ధగా రాసినది. ఇళ్లకు గుర్తు సంఖ్యలు వేసి పేర్లు బయటపెట్టలేదు గనుక ఆ కుటుంబాలకు విడిగా కీర్తి దక్కలేదు. ఆ రుణం కొంతైనా తీర్చవలసింది మనమే. ఇక్రిశాట్ ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులో ఉంచింది. పాలమూరు విశ్వవిద్యాలయంలో, నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివే పిల్లలు దాన్ని తెరవాలి. తమ తాతలు నాగుకు తెచ్చిన గింజలు, అమ్మమ్మలు కలుపు తీసిన రోజులు అందులో ఉన్నాయి. బీమా, వలస, కులం అన్న మాటల వెనక ఏముందో పుట్టుకతో తెలిసినవాళ్లు వాళ్లు. ఆ లెక్కల్ని అడగవలసిన తర్వాతి ప్రశ్న వాళ్లకే బాగా తడుతుంది.