సముద్రాన్ని తూచే కాటా

మందమర్రిలో బొగ్గు లారీ కాటా ఎక్కినప్పుడు పడే అంకె బొగ్గు బరువు కాదు. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తేనే సరుకెంతో తేలుతుంది. గ్రేస్ అనే జంట ఉపగ్రహాల పనితనం కూడా ఈ తీసివేతలోనే ఉంది. సముద్రాల్లో ఏ నెల ఎంత నీరు చేరిందో, ఎంత తరిగిందో అవి దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి తూచాయి.

నాసా, జర్మనీ అంతరిక్ష సంస్థ కలిసి 2002 మార్చి 17న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి వీటిని ప్రయోగించాయి. ఒకే కక్ష్యలో ఒకదాని వెనుక ఒకటి తిరిగేవి. నడుమ ఎడం సుమారు 220 కి.మీ.; ఇంచుమించు మంచిర్యాల నుంచి సికింద్రాబాద్‌కు రైలు దారి ఎంతో అంత. బరువెక్కువున్న చోటు ముందుదాన్ని కాస్త లాగుతుంది, ఎడం పెరుగుతుంది. వెనకది కూడా అక్కడికి చేరేసరికి ఎడం తగ్గుతుంది. అంత దూరంలో వచ్చే ఈ తేడాను మైక్రోతరంగాలతో మైక్రాన్ల లెక్కన పట్టుకున్నారు. వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదది.

ఆ ఎత్తులోనూ పల్చని గాలి ఉంటుంది, ఎండ తోపూ ఉంటుంది. అవి కూడా ఉపగ్రహాన్ని కదుపుతాయి. అందుకే ఒక్కోదాని గరిమనాభి దగ్గర సుమారు 70 గ్రాముల టైటానియం దిమ్మెను దేనికీ తగలకుండా తేలేలా ఉంచారు. బయటి గాలి దాన్ని తాకదు గనుక, దిమ్మెకూ ఉపగ్రహానికీ వచ్చే తేడాయే గాలి, ఎండల వాటా. మొదటి తీసివేత అది. తర్వాత ఆటుపోట్లు, గాలి ఒత్తిడి, గాలికి కదిలే నీరు, వీటన్నిటినీ నమూనాలతో లెక్కగట్టి తీసేస్తారు. సముద్రాన్ని చదివేవాళ్లు అలా తీసిన సముద్రపు వాటాను చివర్లో మళ్లీ కలుపుకోవాలి. భూమి నడుము లావుకు సంబంధించిన ఒక అంకె గ్రేస్‌కు సరిగా చిక్కదు. దాన్ని నేల నుంచి లేజర్లతో కొలిచే వేరే ఉపగ్రహాల దగ్గర అరువు తెచ్చుకుంటారు. ఈ అరువును దాచకపోవడం నాకు నచ్చుతుంది.

అన్నిటికన్నా కష్టమైనది మంచుయుగం బాకీ. సుమారు 20 వేల ఏళ్ల క్రితం కెనడా, స్కాండినేవియాల మీద కిలోమీటర్ల మందాన మంచుండేది. అది కరిగాక, అణిగిన నేల ఇప్పటికీ పైకి లేస్తోంది. సముద్రాల అడుగున లోతులోని రాతిపొర నెమ్మదిగా ఆ నేల కిందికి జారుతోంది. అడుగు తేలికవుతుంటే ఉపగ్రహానికి నీరు తగ్గినట్టే అనిపిస్తుంది. దీనికి చేసే దిద్దుబాటు ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు. సముద్రంలో నిజంగా చేరుతున్న నీరు ఏడాదికి 2 మి.మీ. అటూ ఇటూ. అంటే జవాబులో సగం దాకా దిద్దుబాటుదే! ఒక దశలో ఒక నమూనా ఈ దిద్దుబాటును దాదాపు రెట్టింపు చూపించింది. 2010లో చాంబర్స్, జాన్ వార్ అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు భూభ్రమణానికి సంబంధించిన లెక్కలో చిక్కు ఉందని చూపాక ఆ తేడా తీరింది.

సముద్రమంతటా 1 మి.మీ. అంటే 36,000 కోట్ల టన్నులు. సింగరేణి ఏడాదికి తీసే బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. ఆ లెక్కన అయిదు వేల ఏళ్ల పైచిలుకు తవ్వకం. 2010-11లో సముద్రమట్టం సుమారు 5 మి.మీ. పడిపోతే, ఆ నీరు కుండపోత వానలుగా ఆస్ట్రేలియా లాంటి నేలల మీద నిలిచిందని చూపింది గ్రేసే.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)కు చెందిన వీరేంద్ర తివారీ, ఆయనతో కలిసి జాన్ వార్, షాన్ స్వెన్సన్ 2009లో గ్రేస్ కొలతలతోనే ఉత్తర భారతం, దాని పరిసరాలు కలిపి ఏడాదికి సుమారు 54 ఘన కిలోమీటర్ల భూగర్భజలం పోగొట్టుకుంటోందని లెక్కతేల్చారు. మన భాషలో 1,900 టీఎంసీలు. 20 టీఎంసీల ఎల్లంపల్లి జలాశయం మాత్రం నిండినా ఎండినా గ్రేస్‌కు విడిగా కనిపించదు. దాని చూపు సుమారు 300 కి.మీ. మేర కలిపే చదువుతుంది. గురుత్వంలోని ప్రతి తేడా నీటిది కాదు. మందమర్రి కింది గోండ్వానా ఇసుకరాళ్లు చుట్టుపక్కల రాళ్లకన్నా తేలిక గనుక ప్రాణహిత–గోదావరి లోయ గురుత్వ పటంలో పల్లంగా కనిపిస్తుంది. అది ఎప్పుడూ ఉండే తేడా. ఇక్కడ కావలసింది నెలనెలా మారే తేడా.

గ్రేస్‌కు వారసులుగా 2018 మే 22న వెళ్లిన గ్రేస్-ఎఫ్‌ఓ జంటలో ఒకదాని త్వరణమాపకం (తేలే దిమ్మె ఉన్న పరికరం) మొదట్లోనే గోల చేయసాగింది. రెండూ ఒకే దారిలో అర నిమిషం తేడాతో నడుస్తాయి కదా అని, రెండోదాని కొలతనే ఆ కాలభేదం సర్ది దీనికి అతికారు. అతుకని తెలుస్తూనే పని జరుగుతోంది.

బంగాళాఖాతం దగ్గర మాత్రం నా మెచ్చుకోలు కొంచెం తగ్గుతుంది. వానాకాలంలో గంగ, గోదావరి మైదానాల నీటి బరువు తీరం దాటి సముద్రంలోకి కారినట్టు కనిపిస్తుంది గనుక ఒడ్డు నుంచి 300 కి.మీ. దాకా వదిలేయడం రివాజు. రెండు ఒడ్లా అలా వదిలితే ఖాతం నడిమి భాగమే మిగులుతుంది. 2004 డిసెంబరు 26 సుమత్రా భూకంపం అడుగున కదిపిన బరువును కూడా నీటి నుంచి విడదీయాలి. అక్కడ మట్టం పెరుగుదలలో వేడికి ఉబ్బినదెంతో, కొత్తగా చేరిన నీరెంతో చెప్పాలంటే, హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అందించే ఆర్గో ఫ్లోట్ల (సముద్రపు వేడిని లోతుదాకా కొలిచే తేలుడు పరికరాల) కొలతలను పక్కన పెట్టుకునే గ్రేస్ అంకె చదవాలి.