గింజ ఒక్కటే, గొలుసూ వలయమూ దానివే

మహబూబాబాద్ జిల్లాలో మక్కలు పండించే ఇంట పుట్టిన బిడ్డ రసాయనశాస్త్రంలో పరిశోధన చేసి, ఆ సంగతులన్నీ తెలుగులో పుస్తకంగా రాసి ముందుమాట అడిగింది. జనగామలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ ముందు తప్పులు వెతికాను. నాలుగు పేజీలు దాటాక ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టేశాను.

మక్క గింజలో ఎక్కువగా ఉండేది పిండి పదార్థం. అంటే గ్లూకోజ్ గొలుసులు. ఒకరకం బాక్టీరియా ఎంజైము ఆ గొలుసును తెంపి, ముక్క రెండు కొసలూ కలిపి వలయం చేస్తుంది. ఆరు గ్లూకోజులుంటే ఆల్ఫా సైక్లోడెక్స్ట్రిన్, ఏడుంటే బీటా, ఎనిమిదుంటే గామా. 1891లో ఫ్రాన్స్‌లో విలియె వీటిని మొదట గుర్తించాడు. వలయం బయటివైపు నీటితో స్నేహం చేస్తుంది, లోపలి బోలు నీటికి దూరంగా ఉండేవాటికి చోటిస్తుంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి.ఆర్. చౌదరి నీళ్లలో కరగని మందులను ఇలాగే కరిగించే పని చేశారు. హైదరాబాద్ ఐఐసీటీలో కె. రామారావు బృందం బీటా వలయాల సాయంతో సేంద్రియ రసాయన చర్యలను నీళ్లలోనే నడిపింది. మనవాళ్ల పనిని రచయిత్రి ఒక్క పేజీలో ముగించడం నాకు నచ్చలేదు.

పుస్తకానికి ప్రాణం మూడో అధ్యాయం. చిన్న మందు అణువే కాదు, పొడవాటి పాలిమర్ గొలుసు కూడా ఈ బోలులోంచి దూరగలదని 1990లో జపాన్‌లో అకిరా హరాడా, కమాచి చూపించారు. తేటగా ఉన్న రెండు ద్రావణాలు కలిపితే తెల్లటి మడ్డి దిగింది. దారానికి పూసలు ఎక్కినట్టు గొలుసు పొడవునా వలయాలు ఎక్కాయన్నమాట. బోలు కొలత కుదిరితేనే ఈ పని జరుగుతుంది. సన్నటి గొలుసును ఆల్ఫా పట్టుకుంటుంది, కాస్త లావుదానికి బీటా కావాలి. తర్వాత ఇదే పద్ధతి మట్టిలో, ఒంట్లో కరిగిపోయే పాలిమర్లకూ పాకింది. అమెరికాలో నార్త్ కరోలినాలో టొనెల్లీ బృందం పాలీకాప్రోలాక్టోన్, పాలీలాక్టిక్ ఆమ్లాలను వలయాల్లోకి ఎక్కించి, ఆపైన వలయాలు తీసేసింది. మామూలుగా ఒకదానితో ఒకటి పొసగని ఆ రెండు పాలిమర్లూ అప్పుడు బాగా కలగలిసిపోయాయి. ఈ ఘట్టాన్ని ఇంటర్ పిల్లలకూ అర్థమయ్యేలా రాయడం చిన్న సంగతి కాదు. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడిన 2016 అక్టోబరులోనే, వలయాలూ దారాలతో అణుయంత్రాలు చేసిన సొవాజ్, స్టొడార్ట్‌లకూ, వారితోపాటు ఫెరింగాకూ నోబెల్ ప్రకటించారన్న సంగతి ఈ పుస్తకం చూశాకే నాకు తట్టింది.

మక్కల నుంచి వలయం వస్తుంది. అదే గ్లూకోజును పులియబెడితే లాక్టిక్ ఆమ్లం, దాన్నుంచి పాలీలాక్టిక్ గొలుసూ వస్తాయి. పాలీకాప్రోలాక్టోన్ మాత్రం ఇవాళ్టికీ ప్రధానంగా పెట్రోలియం సరుకే. ఆ మాట దాచకుండా రాసినందుకు మెచ్చుకుంటున్నాను.

చివరి అధ్యాయంతో నాకు పేచీ ఉంది. మిరప తోటల్లో పరిచే పాలీలాక్టిక్ మల్చింగ్ షీటు రేపో మాపో మట్టిలో కలిసిపోతుందన్నంత ఆశ పెట్టింది రచయిత్రి. పాలీలాక్టిక్ ఆమ్లం చేను మట్టిలో అంత త్వరగా కుళ్లదు, దానికి 58 డిగ్రీల దాకా వేడెక్కే కంపోస్టు కావాలి. రైతుకు చెప్పే మాట తూచి చెప్పాలి. రెండో ముద్రణలో ఆ పేజీలు తిరగరాయాలి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కాలేజీల కెమిస్ట్రీ లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. మీ లైబ్రరీకి ఈ పుస్తకం తెప్పించండి, మూడో అధ్యాయాన్ని తరగతిలో పైకి చదివించండి.