మస్టరు చదివిన మధ్యాహ్నము

ఈ వారము నా బల్లమీదికి నూటయెనుబది పుటల నివేదిక యొకటి వచ్చినది. పేదవానికి చెందవలసిన కూలి, పింఛను, బియ్యము మొదలైనవాని లెక్కలు ప్రభుత్వపు కంప్యూటర్లలో ఎట్లు చేరుచున్నవి, వానిపై ఎవరికెంత అధికారము గలదు, ఆ యధికారమునకు హద్దులెచ్చట అని విచారించిన గ్రంథమది. ఆంగ్లమున నున్నది; అందు వింత లేదు. వింత యెల్ల చివరనున్న నాలుగు పుటల తెలుగు సంగ్రహము. అందు "దత్తాంశ పరిపాలన" అనియు, "ప్రజాహిత సాంకేతిక విధానము" అనియు చూచి నాకు ప్రాణము లేచివచ్చినది. పరిభాష కుదురనిదే శాస్త్రము తెలుగు గడప తొక్కదని ఈ శీర్షికలో నేనెన్నిమారులు మొరపెట్టుకొంటినో, అందుకు విసిగి పాఠకులెన్ని ఉత్తరములు వ్రాసిరో మీరెరుగుదురు.

ఆ యుత్సాహముతోనే ఆదివారము మా యూరికి పోయి, అరుగుమీద కూర్చుండి, ఆ నాలుగు పుటలను ఒకామెకు చదివి వినిపించితిని. ఆమె పదేండ్లు ఉపాధిపనిలో మేటుగా నుండి, తన శ్రమశక్తి సంఘమువారి హాజరు చూచిన మనిషి. ఓపికగానే విన్నది. విని, "ఇది ఎవురి సంగతి సామీ?" అని యడిగినది. మీ సంగతియే యంటిని. "మా సంగతైతే మాకెందుకు తెలీలేదు?" అని నవ్వి, దూడకు గడ్డివేయుటకు లేచిపోయినది.

తిరుగు బస్సులో ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దానివెంట, ఇరువదేండ్లనాటి షామియానా యొకటి జ్ఞప్తికి వచ్చినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకమును ప్రారంభించిన యేడాదియే మన రాష్ట్రమున సామాజిక తనిఖీలు మొదలైనవి. లెక్కలను బహిరంగముగా చదువు నీ పద్ధతి రాజస్థానమునందు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994 నుండి నడిపిన 'జన్ సున్వాయీ'లలో పుట్టినది. ఉపాధి హామీ చట్టపు 17వ సెక్షను దానిని గ్రామసభకు విధిగా నప్పగించినది. మనవారు 2009లో అందుకొక ప్రత్యేక సొసైటీనే నెలకొల్పిరి. ఇదంతయు పుస్తకములలో దొరకును. దొరకనిది ఆనాటి ఎండ.

కూలీల యిండ్ల పిల్లలే, పదవ తరగతియో ఇంటరో చదివినవారు, వారముదినములు ఇల్లిల్లు తిరిగి, మస్టరను హాజరుపట్టీలోని పేరు పేరునకు "నీవు ఆ వారము పనికి పోయితివా, ఎంత ముట్టినది" అని యడిగి, చెరువుకట్ట మట్టిని టేపుతో కొలిచి వ్రాసికొన్న కాగితములను, మండల కేంద్రమున షామియానాక్రింద ప్రజావేదిక ముందు మైకులో చదువుచుండిరి. నేను పోయిననాడు ఒక పేరు వినబడగానే వెనుకనుండి ఎవరో, "వాడు చచ్చి మూడేండ్లాయె, పైనుంచి దిగివచ్చి తట్ట మోసినాడా?" అని కేక వేసిరి. సభ గొల్లుమన్నది. ముందు వరుసలో కూర్చున్న యొక స్త్రీ మాత్రము నవ్వలేదు. ఆ పేరు ఆమె భర్తది. చదువుచున్న పిల్లవాడు ఒక్క క్షణము తల దించుకొని, తరువాతి పేరు చదివెను. ఫీల్డు అసిస్టెంటు సాయంకాలమునకు కొంత సొమ్ము అచ్చటనే తిరిగి కట్టెను.

లెక్కయన్నది ఎవరిదో వారి యెదుట పైకి చదువబడవలెనని, కాదనువానికి మైకు అందవలెనని, పరిశోధనయైనను ఇందుకు మినహాయింపు కారాదని, ఆ మధ్యాహ్నమే నాకొక మతము కుదిరినది. 2023నాటి వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము సమాచార హక్కు చట్టపు 8(1)(జె) క్లాజునుండి ప్రజాహితమను మాటను తీసివేసినప్పుడు, ఇక మస్టరులోని పేరుకూడ రహస్యమే యగునా యని నేనిచ్చట రెండు వారములు వాపోవుటకును ఆ షామియానాయే కారణము.

అయితే ఆ మతమే నన్నొకమారు పెడదారి పట్టించినది. నేడు చెప్పుకొనక తప్పదు. కూలికి, పింఛనుకు వ్రేలిముద్రల స్మార్ట్‌కార్డులు వచ్చిన దినములలో, ఒక ప్రజావేదికలో ఒక అవ్వ తన యరిగిన వ్రేళ్లను చూపి, యంత్రము నన్నెరుగనన్నదని యేడ్చినది. నేను మరునాడే ఆ కార్డులు పేదల పాలిటి శాపమని వ్రాసితిని. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్‌తంకర్ అనువారు అదే కాలమున అనంతపురముతో సహా 8 జిల్లాలలో, 157 మండలములలో, ఏ మండలమునకు కార్డులు ముందు, దేనికి వెనుక అని చీటీలు వేసినట్లు నిర్ణయింపించి, సుమారు 1.9 కోట్ల జనులున్న ప్రాంతమున ఫలితములను పరీక్షించిరి. కూలి త్వరగా ముట్టినది, మధ్య కారిపోవు సొమ్ము తగ్గినది. పాతపద్ధతికన్న కార్డే మేలన్నవారు నూటికి తొంబదిమంది. 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయిన ఆ వ్యాసమును నేను చదివినది మరి నాలుగేండ్లకు.

ఆ తొంబదిమంది షామియానాక్రిందికి ఏల రాలేదు? కూలి ముట్టినవాడు నాట్లకు పోవును గాని మైకుకొరకు వరుసలో నిలువడు. ఇంటికి పోయి తలుపు తట్టిన సర్వేదారుకే వాని మాట వినబడును. నేను ఈసడించిన ఆంగ్లపు పట్టికలు, నేను నెత్తికెత్తుకొన్న సభ విననివారిని వినినవి.

ఇట్లని ఆ పట్టికను సభలో చదువనక్కర లేదా? చదివియుండినచో ఆ అవ్వ లేచి, తొంబదిమంది సరే, మిగిలిన మా మాటేమని యడిగెడిది. తెలంగాణమున కంప్యూటరు లెక్కను నమ్మి రద్దుచేసిన సుమారు 19 లక్షల రేషన్‌కార్డులను క్షేత్రస్థాయిలో మరల విచారింపవలసినదని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించుట ఆ అవ్వ ప్రశ్నయే గదా, కొంత యాలస్యముగా.

కావున ఈ వారము నాలుగు పుటల సంగ్రహమును ముందు పెట్టుకొని కూర్చుంటిని. "దత్తాంశము" కొట్టివేసి "మస్టరు" అని వ్రాసితిని; పరదేశపు మాటయే, కాని మా మేటు నోట అది నా దత్తాంశముకన్న తెలుగు. "భాగస్వామ్య పక్షములు" అన్నచోట ఫీల్డు అసిస్టెంటు, బ్యాంకు, మండలాఫీసు అని విడదీసి వ్రాయగా, తప్పెవరిదో ఆ వాక్యమే చెప్పసాగినది. మూలమునందు అది తెలియకుండెను. మూడు దినములకు ఒక పుట తెమలినది. వచ్చి చదువుదునా యని ఫోను చేసితిని.

"శెనక్కాయలు పెరికేది అయిపోనీ సామీ," అన్నదామె. "మైకు మాత్రం తెచ్చుకోండి. మా వాళ్లకు అడిగేటివి శానా ఉండాయి."